స్ప్రింగు తుపాకి అసలు ఖరీదు

కొట్టువాడు దాన్ని ఆటవస్తువంటాడు. చేను కాచుకునే రైతు కోతుల తుపాకి అంటాడు. బడిపిల్లవాడు రైఫిలంటాడు. కంటి డాక్టరుగారిని అడిగితే ఆయన ఇంకో పేరు చెబుతారు. పేర్లెన్నయినా వస్తువు ఒకటే. లైసెన్సు లేకుండా అంగట్లో దొరికే స్ప్రింగు ఎయిర్‌గన్ అది. దాన్ని కొనవచ్చునా, కొంటే ఎందుకు కొనాలి, ఎవరి చేతికివ్వాలి అన్నదే ఈ వారం ముచ్చట.

ప్రశ్న ఊరికే పుట్టలేదు. మా నాగిరెడ్డిపేట వైపు మక్క కంకి పాలుపోసుకునే వేళకు కోతుల దండు దిగుతుంది. చేను కాడ ఒక పూట మనిషి లేకపోతే ఆరుగాలం కష్టం అరగంటలో నేలపాలు. మా పక్కింటి పెద్దాయన మొన్న ఆ బాధతోనే వచ్చి కూర్చున్నాడు.

"సారూ, కామారెడ్డిల ఎయిర్‌గన్ దొరుకుతదట. ఏడు వేలంటున్నరు. కొనమంటరా?"

"ఎవరు పట్టుకుంటరు పటేలా?" అన్నాను.

"మా చిన్నోడున్నడు గద! తొమ్మిది సదువుతుండు. బడి ఇడిసినంక సేనుకాడ కూసుంటడు. ఆనికి సరదా గూడ ఉన్నది."

ఆ మాటతో మక్కల సంగతి వెనక్కి పోయి, ఆ పిల్లవాడి కళ్లే నా ఎదుట నిలిచాయి. నా దగ్గర ఒక స్ప్రింగు తుపాకి చాలా ఏళ్లుగా ఉన్నది. కాగితం మీద గురి చూడటం తప్ప దానితో మరో పని చేయలేదు. ఆ పరిచయంతో పెద్దాయనకు చెప్పిన సంగతులనే ఇక్కడ వరసగా విన్నవిస్తాను.

ఎయిర్‌గన్‌లో మందు లేదు, మంట లేదు. అందుచేత అది తుపాకే కాదని మన ఇళ్లలో ఒక నమ్మకం. లెక్క కట్టి చూడండి. అందులో పెట్టే సీసపు గుండు బరువు సుమారు అర గ్రాము, అంటే పాతిక బియ్యపు గింజల ఎత్తు. మామూలు తుపాకి దాన్ని సెకనుకు 200 మీటర్ల వేగంతో తోసిందనుకోండి. గంటకు 720 కిలోమీటర్లన్నమాట! ఆ గుండులో ఉన్న శక్తి 10 జౌళ్లు. కిలో రాయి మీటరు ఎత్తు నుంచి పడితే ఎంత దెబ్బో అంత దెబ్బ. రాయి దెబ్బ అరచేతి మేర పరుచుకుంటుంది. ఈ గుండు దెబ్బంతా నాలుగున్నర మిల్లీమీటర్ల చోటనే దిగుతుంది. కంటికి ఇందులో చిన్న భాగం చాలు. దగ్గరనుంచి తగిలితే చర్మం చీల్చుకుని కండలోకి పోతుంది. పైకెత్తి పేల్చిన గుండు రెండు మూడు వందల గజాలు పోయి, ఎవరి వాకిట్లోనో పడుతుంది.

"మరి అంత ప్రమాదమైతే సర్కారు లైసెన్సు లేకుండ ఎట్ల అమ్మనిస్తుంది?" అని మీరూ అడుగుతారు, ఆయనా అడిగాడు. మన దేశంలో ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని కింద ఇప్పుడు నడుస్తున్న నియమాలు 2016లో వచ్చాయి. వాటి ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, గుండు శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర లేదు. ఈ రెంటిలో ఏ ఒక్కటి దాటినా కావాలి. అది సర్కారు ఇచ్చిన వెసులుబాటు మాత్రమే సుమా! నేను పైన లెక్క కట్టిన తుపాకి ఆ హద్దులో సగానికే ఉన్నది. అయినా అది కన్ను తీయగలదు.

మా ప్రాంతపు వారికి ఇంకో చిక్కు కూడా కద్దు. పోచారం చెరువు మా మండలంలోనిదే. దాని పేరుతో ఉన్న అభయారణ్యం మెదకు, కామారెడ్డి జిల్లాల సరిహద్దున పరుచుకుని ఉన్నది. ఒకప్పుడు నిజాం నవాబులు వేటాడిన అడవి అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందుగా రాతమూలకంగా అనుమతి పొందకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలో అడుగు పెట్టరాదు. ఆ చట్టం దృష్టిలో ఆయుధమంటే లైసెన్సున్న తుపాకి ఒక్కటే కాదు. వలా, ఉచ్చూ, కత్తీ, జంతువును గాయపరచగల ఏ పనిముట్టయినా ఆయుధమే. "ఇది ఉత్త ఎయిర్‌గన్ సారూ" అంటే అటవీ శాఖవారు వినరు. ఇక నెమలిని కొట్టారా, అది 1963 నుంచి జాతీయ పక్షి, చట్టంలో మొదటి షెడ్యూలు ప్రాణి. జైలు తప్పదు.

ఇంతకూ ఈ తుపాకి ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని గుణమూ దోషమూ రెండూ తెలుస్తాయి. గొట్టాన్ని మధ్యకు విరిచినట్టు కిందికి వంచుతాం. ఆ వంపుతో లోపలి పిస్టన్ వెనక్కి జరిగి, ఉక్కు స్ప్రింగు ముడుచుకుని కొక్కేనికి చిక్కుతుంది. గొట్టం మొదట్లో గుండు పెట్టి మూస్తాం. ట్రిగ్గరు నొక్కగానే కొక్కెం వీడి, పిస్టన్ ముందుకు ఉరికి, తన ముందున్న గాలినంతా చిటికెడు చోటికి అదుముతుంది. సైకిలు పంపు మూతిని వేలితో మూసి గట్టిగా కొట్టినవారికి ఆ గాలి ఎంత వేడెక్కుతుందో, ఎంత బలంగా తన్నుతుందో తెలుసు. ఆ తన్నుడుకే గుండు బయటికి పోతుంది. సిలిండరు లేదు, గ్యాసు లేదు, పంపు లేదు. మన చేతి బలమే స్ప్రింగులో దాగి గుండుకు చేరుతున్నది. అందుకే ఇది చవక, అందుకే ఏళ్ల తరబడి మన్నుతుంది.

దోషమూ అక్కడే ఉన్నది. పిస్టన్ ముందుకు ఉరికినప్పుడు తుపాకి వెనక్కి తంతుంది. పిస్టన్ చివరకు చేరి ఆగినప్పుడు తుపాకి ముందుకు ఊగుతుంది. ఈ రెండు కుదుపులూ ముగిసేలోపల గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది! అందుచేత స్ప్రింగు తుపాకిని ఎంత గట్టిగా బిగించి పట్టుకుంటే గురి అంత చెదురుతుంది. కోడిపిల్లను పట్టుకున్నట్టు, ప్రతిసారీ ఒకే తీరున, వదులుగా పట్టాలి. తుపాకి తన ఇష్టం వచ్చినట్టు కదిలి, ప్రతిసారీ ఒకే రకంగా కదిలితే గుండు ఒకే చోటికి పోతుంది.

ఈ మాట పెద్దాయన నమ్మలేదు. సరే, మా పెరట్లో మట్టిగోడ ముందు పాతబట్టలు కుక్కిన పెట్టె పెట్టి, పది మీటర్ల దూరాన కాగితం కట్టాము. ఆయన పలుగు పట్టినట్టు పట్టి ఐదు గుండ్లు పేల్చాడు. రంధ్రాలు అరచేతంత మేర చెదిరాయి. వదులుగా పట్టి మరి ఐదు పేల్చాడు. ఈసారి ఐదింటినీ పెద్ద రూపాయి బిళ్లతో మూయవచ్చు. "అరె, బిగబడితె దప్పుతది, ఇడిసిపెడితె తాకుతది!" అని ఆయన చాలాసేపు ఆశ్చర్యపోయాడు.

కొనేటప్పుడు అట్టపెట్టె మీది అంకెలు చూసి మోసపోరాదు. "సెకనుకు ఇన్ని వందల అడుగులు" అని పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు. అర గ్రాము గుండు 20 జౌళ్ల హద్దుకు చేరేసరికి దాని వేగం సెకనుకు 283 మీటర్లు, అంటే సుమారు 930 అడుగులు. అంతకన్న పెద్ద అంకె కనిపిస్తే అది మరీ తేలికైన గుండుతో తెచ్చిన అంకె అయినా కావాలి, హద్దు దాటిన తుపాకి అయినా కావాలి, లేదా ఉత్త ప్రచారమైనా కావాలి. పైగా గుండు వేగం శబ్దవేగానికి, సెకనుకు 340 మీటర్లకు, చేరువయ్యేకొద్దీ నడుము సన్నగా ఉండే ఆ సీసపు గుండు గాలిలో తడబడుతుంది. వేగం పెరిగి గురి తరుగుతుందన్నమాట. కాబట్టి వేగం అడగకండి. ట్రిగ్గరు మెత్తగా కదులుతున్నదా, గొట్టం మూసినప్పుడు ఊగులాట లేకుండా కూర్చుంటున్నదా, గురిపలక కదలకుండా ఉన్నదా, స్ప్రింగు, వాషరు పాడైతే మార్చేవాడు దగ్గరలో ఉన్నాడా, ఇవి అడగండి. నాలుగైదు వేల తుపాకికీ, పదిహేను ఇరవై వేల తుపాకికీ ముఖ్యంగా ఉండే తేడా ఇదే. బిల్లు పుచ్చుకుని దాచండి. గుండ్లు కూడా రెండు మూడు రకాలు తెచ్చి, మీ తుపాకికి ఏది పడుతుందో కాగితం మీద చూసుకోండి. ఒకే తుపాకి ఒక రకంతో ముచ్చటగా కొట్టి, మరో రకంతో మొండికెత్తడం నేను చూశాను.

శివరాత్రికి ఏడుపాయల జాతరకు వెళ్లేవారికి బెలూన్ల బల్ల తెలుసు. పది గుండ్లకు మూడు బెలూన్లు పగలక, "మనకు గురి లేదు" అనుకుని ఇంటికి వస్తారు. దిగులుపడకండి. వందల చేతులు మారి, గొట్టం వదులై, గురిపలక వంగిన తుపాకితో అర్జునుడికీ కష్టమే.

ఇప్పుడు కోతుల సంగతి. కోతిని తోలడానికి శబ్దం కావాలి. స్ప్రింగు తుపాకి శబ్దం తలుపు మూసినంత. ఒక్కొక్క గుండుకూ గొట్టం వంచి, గుండు పెట్టి, మూసి, గురి చూసేసరికి పావు నిమిషం. నలభై కోతుల దండు ఆ పావు నిమిషంలో ఎన్ని కంకులు విరుస్తుందో మీరే లెక్క వేసుకోండి. దూరమూ కలిసిరాదు. గొట్టం చూపిన గీతకంటే గుండు పది మీటర్లలో ఒక సెంటీమీటరు పైచిలుకు దిగుతుంది. పాతిక మీటర్లలో ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు, యాభై మీటర్లలో ఇంచుమించు మూరెడు. చెట్టు మీద కదిలే కోతికి తగిలితే అది చావదు. కన్నో కాలో పోయి, చీముపట్టి వారాల తరబడి బాధపడుతుంది. మూగజీవాన్ని అలా హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. గాయపడ్డ కోతి, దాని వెంట ఉన్న దండు, తరువాత ఎవరి మీద పడతాయో చెప్పలేం. నీళ్లకు పోయే ఆడవాళ్ల మీదా, బడికి పోయే పిల్లల మీదా పడతాయి.

ఏడు వేలకు ఇది మంచి బేరం కాదు. మన పెద్దలు మంచె మీద కూర్చుని ఒడిసెలతో, డప్పుతో, కేకతో చేను కాచారు. ఇరుగుపొరుగు నలుగురు రైతులు వంతులు వేసుకుని ఒక మనిషిని పెట్టుకుంటే, మంచి కుక్కను మేపితే, అదే డబ్బుకు రెండింతలు కాపలా. కోతులను పట్టించి ఆపరేషను చేయించే కేంద్రం ఒకటి నిర్మల్ జిల్లా చించోలి దగ్గర 2020లో తెరిచారు. ఊరంతా కలిసి అడగవలసింది అటువంటివి మన వైపు కూడా పెట్టమని. ఇంకొందరు గొట్టంలో కార్బైడు వేసి పేల్చే తుపాకి చేసుకుంటున్నారు. దాని జోలికి అసలే పోకండి. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఆ ఆటవల్ల ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి.

అయితే ఎయిర్‌గన్ పనికిరాని వస్తువా? కానే కాదు. కాగితం ముందు అది గొప్ప గురువు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది. ఆ పోటీలో పదికి పది తెచ్చే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, మనం వాక్యం చివర పెట్టే చుక్కంత! 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారం తెచ్చింది ఈ పోటీలోనే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో కాంస్యం తెచ్చిందీ ఇందులోనే. హైదరాబాదు అమ్మాయి ఈశా సింగ్ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వెండి తెచ్చింది. వారు వాడేవి ముందే గాలి నింపిన సిలిండరు ఉండే తుపాకులు, ధర లక్షల్లో మాట. కాని 1960లలో, 70లలో ప్రపంచ పోటీల్లో పేరు తెచ్చుకున్నవి స్ప్రింగు రైఫిళ్లే. జర్మనీ దేశపు ఫైన్‌వెర్క్‌బావు కంపెనీ తుపాకి యంత్రాన్ని పట్టాల మీద జారేటట్టు అమర్చి, ఆ కుదుపు భుజానికి అందకుండా చేసింది. స్ప్రింగు తుపాకిని వదులుగా పట్టి, ఊపిరి నిలిపి, కుదుపు ముగిసేదాకా కదలకుండా నిలబడగలిగిన పిల్లవాడికి తరువాత ఏ తుపాకి అయినా సులువే.

"ఎయిర్‌గన్ పట్టకపోతే సలీం అలీ ఉండేవాడా?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆయన 1985లో వెలువరించిన ఆత్మకథలో ఆ కథ ఉన్నది నిజమే. బొంబాయిలో పిల్లవాడుగా ఉండగా ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పచ్చని మచ్చ కనిపించింది. మేనమామకు చూపించాడు. ఆయన కసిరికొట్టలేదు, శభాష్ అని తుపాకి చేతికిచ్చి ఊరుకోనూ లేదు. పిల్లవాణ్ణి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డు దొర ఓపికగా పక్షి పేరు చెప్పి, అలమరల నిండా ఉన్న పక్షుల్ని చూపించాడు. ఆ పిల్లవాడే పెద్దవాడై 1931-32లో మన హైదరాబాదు సంస్థానమంతటా తిరిగి పక్షుల లెక్క రాశాడు. ఆ కథలో తుపాకి వంతు ఒక్క క్షణం. మేనమామ, మిల్లార్డు ఆ పిల్లవాడికోసం తీసిన తీరికే మిగిలిన కథంతా.

అందుచేత ఇంట్లో ఎయిర్‌గన్ ఉంచుకునేవారికి నా మనవి. పెద్దవారు పక్కన నిలబడకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. పేల్చేవారూ, చూసేవారూ ఇద్దరూ గట్టి కళ్లద్దాలు పెట్టుకోవాలి. గురి వెనుక మట్టిగోడో, ఇసుకపెట్టో, బట్టలు కుక్కిన పెట్టో ఉండాలి. బండరాయి, ఇనుపరేకు, సిమెంటు గోడ తగిలితే గుండు తిరిగి వస్తుంది. మిద్దె మీదినుంచి, సందులోనుంచి పేల్చరాదు. గొట్టం వంచినప్పుడు ఒక చేత్తో దాన్ని గట్టిగా పట్టే ఉండాలి. ఆ సమయంలో ట్రిగ్గరు తగిలితే గొట్టం ఒక్కసారిగా లేచి వేళ్లు నలిగిపోతాయి. గుండు లేకుండా ఉత్తినే పేల్చకండి, పిస్టన్‌ను ఆపే గాలిదిండు లేక యంత్రం దెబ్బతింటుంది. స్ప్రింగు ఎక్కించి గంటల తరబడి ఉంచకండి. బలం వస్తుందని లోపల నూనె పోయకండి, అది ఒత్తిడికి అంటుకుని పేలుతుంది. పని కాగానే తుపాకి ఒక పెట్టెలో, గుండ్లు వేరే పెట్టెలో పెట్టి తాళం వేయండి. గుండ్లు సీసంవి, నోట్లో పెట్టుకునే అలవాటు మాన్పించి, సబ్బుతో చేతులు కడిగించండి. అన్నిటికన్న ముందు, నిండినా ఖాళీ అయినా గొట్టాన్ని మనిషివైపు చూపకూడదన్నది మొదటి పాఠం కావాలి. అది రానంతవరకు రెండో పాఠం వద్దు.

పెద్దాయన అంతా విని, "అయితె కోతులకు కుక్క, పోరనికి తుపాకి అంటరా సారూ?" అన్నాడు.

"కుక్కను రేపే తెచ్చుకో పటేలా. తుపాకి మాట మాత్రం నీ మీద ఉన్నది. ఐతారం ఐతారం గంటసేపు వాని పక్కన నిలబడగలవా?"

ఆయన వేళ్ల మీద ఏవో లెక్కలు వేసుకున్నాడు. నాట్లు, కలుపు, చెరుకు బండి, మార్కెట్టు. చివరికి తల గోక్కుని, "ఈ ఏడు కాదు సారూ. యాసంగి కోతలైనంక సూద్దాం" అన్నాడు. కుక్కపిల్ల మాత్రం మర్నాడే వచ్చింది. కుర్రవాడు కాస్త ముఖం ముడుచుకున్నాడు గాని, ఇప్పుడు దానికి పేరు పెట్టే పనిలో ఉన్నాడు.

మీ ఇంట్లోనూ ఈ బేరం నడుస్తున్నదా? కొట్టువాడు చెప్పే ధరకు వారానికి మీ గంట కూడా కలిపి కూడుకోండి. ఆ మొత్తం మీకు గిట్టుబాటైతే నిరభ్యంతరంగా కొనండి. గంట లేదంటారా, ఆ వేలు మీ సంచిలోనే భద్రంగా ఉండనీయండి.